న్యాయపీఠం మీది సయ్యద్ ఎవరి సయ్యద్?

మా మదరసా హాజరుపట్టీలో కనిపించే ఇంటిపేర్లు ప్రధానంగా నాలుగే: షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు మార్గంలో ఉన్న మా జంపనిలోనే కాదు, చుట్టుపట్ల ఏ గ్రామానికి వెళ్లినా ఇదే వరస. నిజానికి వీటిలో ఒక్కటీ తెలుగువారు చెప్పుకునే అర్థంలో ఇంటిపేరు కాదు. షేక్ అంటే పెద్ద. సయ్యద్ అన్నది దైవప్రవక్త (సఅసం) సంతతివారమని చెప్పుకునేవారి గౌరవ పదం. పఠాన్ ఒక జాతిపేరు. బడిలో వేసేనాడు ఇంటిపేరేమిటని పంతులుగారు అడిగితే మన తాతలు చెప్పిన మాట అక్కడి నుంచి రేషను కార్డుకు, ఓటర్ల జాబితాకు, భూమి పత్రాలకు ఎక్కి కూర్చుంది. ఒకే వీధిలో ఒకే పేరు గలవారు ముగ్గురుంటే, తండ్రి పేరు అడిగి కానీ ఉత్తరం ఇవ్వడం పోస్ట్‌మాన్‌కు సాధ్యం కాదు.

ఇంతటి పలుచని పేరును పట్టుకొని ఒక న్యాయమూర్తి మనసును చదవబోయిన సంగతి ఇక్కడ చెప్పదలచాము. అలా చదవబోయినవారిలో మేమూ ఉన్నాము.

కొన్నేళ్ల క్రితం మా పూర్వ విద్యార్థి ఒకరి తల్లి, వితంతువు, మా వద్దకు వచ్చారు. తండ్రి వదిలి వెళ్లినది రెండెకరాల మాగాణి. అప్పటికి తల్లి లేదు. వారసులు ఇద్దరు అన్నలు, ఈమె. షరీఅత్ ప్రకారం కుమారునికి రెండు వంతులు, కుమార్తెకు ఒక వంతు. అంటే మొత్తం ఐదు వంతులలో ఆమెది ఒకటి, నలభై సెంట్లు. వ్యవసాయ భూమికి షరీఅత్ వర్తించదని ఎవరో ఆమెను భయపెట్టారు. 1937 నాటి షరీఅత్ చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే కానీ, మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి దానిని తొలగించింది. అప్పుడు మన ప్రాంతం మద్రాసులోనిదే కదా!

అన్నల వాదం వేరు. తండ్రి బ్రతికి ఉండగానే పొలమంతా తమకు నోటిమాటగా హిబా చేశారని వారన్నారు. ఆమె భాగపంపిణీ దావా వేశారు. సగం విచారణ నడిచాక పాత న్యాయమూర్తి బదిలీ అయి, కొత్తవారు వచ్చారు. వారి పేరు సయ్యద్‌తో మొదలవుతుంది. ఆ అన్నలు కూడా సయ్యద్‌లే. ఇక చూడండి, టీ కొట్టు దగ్గర అన్నగారి గొంతు మారిపోయింది. "మన సయ్యద్ సాబే వచ్చారు, ఇక చూసుకోనక్కరలేదు" అని పదిమందిలో అన్నారు. చెల్లెలు కూడా పుట్టుకతో సయ్యదే అన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు! ఇంటిపేరు మగవారిదేనని కాబోలు ఆయన లెక్క.

ఆ వారమే ఆమెకు కబురు పంపారు: యాభై వేలు తీసుకొని దావా ఉపసంహరించుకోమని. అది ఆ నలభై సెంట్ల విలువలో నాలుగో వంతు కూడా కాదు. ఆమె మా గుమ్మం వద్ద నిలబడి, "హజ్రత్, సర్దుకోమంటారా?" అని అడిగారు. మేము కొంతసేపు మౌనంగా ఉండి, "సర్దుకో అమ్మా, పరిస్థితి అనుకూలంగా లేదు" అన్నాము. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఫిఖ్‌హ్ బోధిస్తున్న మేమే అన్న మాట అది.

ఆమె మా మాట వినలేదు. అల్లాహ్ ఆమెకు ఆ ధైర్యం ఇచ్చాడు. ఆమె వెళ్లిపోయిన తర్వాత మాత్రం మమ్మల్ని ఒక ప్రశ్న వదలలేదు. న్యాయపీఠం మీద సయ్యద్ అన్న పేరు ఈ దేశంలో ఏం చేసింది?

ఆ పేరు గల తొలి ప్రముఖులలో ఒకరు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కుమారుడు సయ్యద్ మహమూద్. 1887లో అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. తోటి ఆంగ్ల న్యాయమూర్తులతో విభేదించి ప్రత్యేక తీర్పులు రాయడానికి వెనుకాడని మనిషి. చివరకు 1893లో పదవి వదులుకున్నారు. వారి కుమారుడు రాస్ మసూద్ హైదరాబాద్ సంస్థానంలో విద్యాశాఖను నడిపి, ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలదొక్కుకోవడానికి పాటుపడ్డారు. కలకత్తాలో సయ్యద్ అమీర్ అలీ 1890లో హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులై, 1909లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ న్యాయ సంఘంలో స్థానం పొందిన తొలి భారతీయుడయ్యారు.

తెలుగువారికి మరింత బాగా తెలిసిన పేరు సయ్యద్ ఫజల్ అలీ. రాష్ట్రాల పునర్విభజన సంఘానికి అధ్యక్షుడు ఆయనే. 1955 నాటి నివేదికలో తెలంగాణను అప్పటికి వేరుగానే ఉంచాలని ఆ సంఘం సిఫారసు చేసింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆయన చేసిన మరో పని చాలామందికి తెలియదు. 1950లో ఎ.కె. గోపాలన్ అనే కమ్యూనిస్టు నాయకుడు నిర్బంధంలో ఉండి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, మనిషి స్వేచ్ఛను హరించే చట్టం న్యాయబద్ధమైన పద్ధతికి నిలబడాలని ఫజల్ అలీ భిన్నాభిప్రాయం రాశారు. ఆనాడు అది ఓడిన మాట. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోపాలన్ తీర్పులోని తర్కాన్ని పక్కన పెట్టి, ఆయన వైపు మొగ్గింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన పి. జగన్మోహన్ రెడ్డి ఉన్నారు. గోపాలన్ ఇంటిపేరు ఏమిటో ఫజల్ అలీ చూశారా? ఫజల్ అలీ పేరు ముందు ఏముందో జగన్మోహన్ రెడ్డి చూశారా?

రెడ్డి అన్న మాట వచ్చింది కనుక మన అలవాటును కొంత కడుక్కోవలసి ఉంది. మన న్యాయమూర్తిని చూసి "మనవాడు" అనుకునే నోరే, ఇతరుల పేర్లు చూసి "అదంతా రెడ్ల రాజ్యం" అంటుంది. మేమూ అన్నవారమే. ఆ పేరుతో సుప్రీంకోర్టులో కూర్చున్న తెలుగువారు ఏం రాశారో చూడండి. 1969లో అహ్మదాబాదులో జరిగిన మతకలహాలపై విచారణ సంఘానికి నాయకత్వం వహించినది ఆ జగన్మోహన్ రెడ్డిగారే. 1986లో కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు జాతీయగీతానికి మర్యాదగా నిలబడి, తమ విశ్వాసం కారణంగా పాడలేదని బడి నుంచి పంపివేస్తే, వారిని తిరిగి చేర్చుకోవాలని తీర్పు రాసినవారు ఒ. చిన్నప్ప రెడ్డి. 1992లో మండల్ కేసులో ప్రధాన తీర్పు రాసినవారు బి.పి. జీవన్ రెడ్డి. వెనుకబడిన వర్గాలు హిందువులలోనే కాదు, ముస్లిములలోనూ ఉండవచ్చునని అందులో అంగీకరించారు. ఈ ముగ్గురి తీర్పులలో ఎక్కడా మనకు ఒక కులం గొంతు వినబడదు.

పేరే కాదు, రక్తం పంచుకున్నా తీర్పు ఒకటి కానక్కరలేదు. వై.వి. చంద్రచూడ్ 1976లో, ఎమర్జెన్సీ కాలంలో నిర్బంధితులకు కోర్టు తలుపు తట్టే హక్కు లేదన్న మెజారిటీలో ఉన్నారు. షాబానో తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి కూడా వారే. నాలుగు దశాబ్దాల తర్వాత, 2017లో, కుమారుడు డి.వై. చంద్రచూడ్ తన తండ్రి చేరిన ఆ ఎమర్జెన్సీ తీర్పు తప్పని స్పష్టంగా రాశారు. మరుసటి ఏడాది వ్యభిచార నేరం విషయంలోనూ తండ్రి తీర్పును తిరగరాసిన ధర్మాసనంలో ఆయన ఉన్నారు. తండ్రి మాటకు ఎదురు చెప్పడం మన ఇళ్లలో ఎంత కష్టమో పాఠకులకు చెప్పనక్కరలేదు.

అయితే న్యాయమూర్తి గురించి కక్షిదారు ఏమీ అడగరాదా? అడగాలి, కానీ సరైన ప్రశ్న అడగాలి. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఖాజీ మర్యాదల ప్రకరణం మా విద్యార్థులకు ఏటా చెబుతుంటాము. ఖాజీ తన తల్లిదండ్రులకు, సంతానానికి, భార్యకు అనుకూలంగా ఇచ్చిన తీర్పు చెల్లదు. వారికి వ్యతిరేకంగా ఇస్తే చెల్లుతుంది. గీత అక్కడ గీశారు. తెగపేరు కలిసినవారు ఆ జాబితాలో లేరు. అసలు తెగ అభిమానంతో ఒక దొంగను కాపాడి, నేరాన్ని నిర్దోషియైన యూదుని మీదకు నెట్టబోయిన మదీనావాసుల గురించే అన్నిసా సూరాలోని 105వ ఆయత్ నుంచి కొన్ని ఆయతులు అవతరించాయని వ్యాఖ్యాతలు చెబుతారు.

మన దేశంలోనూ గీత దాదాపు అక్కడే ఉంది. 1997లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమకు తాము ఆమోదించుకున్న నియమావళి ప్రకారం, దగ్గరి బంధువు లేదా మిత్రుడు కక్షిదారుగా ఉన్న వ్యాజ్యాన్ని న్యాయమూర్తి వినరాదు. 2002 ఏప్రిల్ 10న మరో ముఖ్యమైన తీర్పు వచ్చింది. దంపతుల వివాదంగా మొదలైన ఒక వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు అంతిమ తీర్పును కూడా అరుదైన సందర్భాలలో తిరిగి తెరవవచ్చునని ఐదుగురి ధర్మాసనం చెప్పింది. దానినే క్యూరేటివ్ పిటిషన్ అంటున్నాము. అందుకు చెప్పిన కారణాలలో ఒకటి, కక్షిదారుతో గానీ వివాద విషయంతో గానీ తనకున్న సంబంధాన్ని న్యాయమూర్తి వెల్లడించకపోవడం, దాని వల్ల పక్షపాత భయం కలగడం. ఆ ప్రధాన తీర్పు రాసినవారు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రీ. అడగవలసిన ప్రశ్న ఏమిటో ఒక సయ్యదే రాసిపెట్టారు. అది మేము చదివేసరికి ఆమెకు చెప్పవలసిన సమయం దాటిపోయింది.

మా గ్రామపు వ్యాజ్యానికి వస్తే, కొత్త న్యాయమూర్తి అన్నలను అడిగినది వంశవృక్షం కాదు. హిబా నోటిమాటగా చేసినా చెల్లుతుంది, కానీ ఇచ్చినవాడు స్వాధీనం కూడా అప్పగించి ఉండాలి. తండ్రి పొలాన్ని మీ స్వాధీనం చేసినట్లు రుజువు ఏది అన్నారు. కౌలుదారు వద్ద ఉన్న రసీదులు బయటకు వచ్చాయి. తండ్రి మరణించిన ఏడాది వరకు కౌలు ఆయన పేరనే ముట్టింది. హిబా నిలవలేదు.

ముస్లిం న్యాయమూర్తి కనుక ఈ సూక్ష్మం తెలిసిందని మాలో కొందరన్నారు. అదీ తప్పే. ఈ నియమాల కోసం మన దేశంలో న్యాయవాదులు తరచు తెరిచే గ్రంథం ముల్లాగారిది. ఆ పేరు చూసి మేము చదువుకునే రోజుల్లో ఆయన్ను గొప్ప ఆలిమ్ అనుకున్నాము. దిన్‌షా ఫర్దూంజీ ముల్లా బొంబాయి పార్శీ!

ఆమెకు నలభై సెంట్లు దక్కాయి. తీర్పు వచ్చిన శుక్రవారం నమాజు తర్వాత పెద్దన్నగారు మస్జిదు మెట్ల మీద మా పక్కన కూర్చొని, చాలాసేపటికి, "విచారించాను హజ్రత్, ఆయన మన సయ్యద్‌లు కారట, వాళ్లు వేరే సయ్యద్‌లట" అన్నారు. మేము ఏమీ అనలేకపోయాము. ఆ వేసవిలో ఆమె తన చెక్కలో పండిన మినుములు నాలుగు కిలోలు సంచిలో కట్టి కొడుకు చేత మదరసాకు పంపారు. సర్దుకోమన్న మాట ఆమె ఇంతవరకు ఎత్తలేదు.