బోర్డు మీది పేరు: మినహాయింపు వేరు, హక్కు వేరు

చెన్నై నుంచి కోల్‌కతాకు సాగే 16వ నంబరు జాతీయ రహదారి, మచిలీపట్నం నుంచి హైదరాబాద్ మీదుగా పుణె వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడలో కలుసుకునే చోటు బెంజ్ సర్కిల్. గుంటూరు వైపు నుంచో, ఏలూరు వైపు నుంచో, బందరు వైపు నుంచో వచ్చే కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఆగి భోంచేసి వెళ్లడం మామూలే. పిల్లలు ఆకలంటున్నప్పుడు కారులోని తల్లిదండ్రుల చూపు ముందుగా వెతికేది హోటల్ బోర్డునే. ‘హలాల్’ అన్న మూడక్షరాల కోసం చూసే మన ఇళ్లవారికైతే ఆ బోర్డు మరింత అవసరం. హోటల్ నడిపే వ్యక్తికి అదే జీవనాధారం. బోర్డు కనిపించకపోతే బేరం లేదు, బేరం లేకపోతే ఆ వంటగదిలో పనిచేసే పది మంది ఇళ్లలో పొయ్యి వెలగదు.

2020లో బెంజ్ సర్కిల్ మీద ఒక పైవంతెన అందుబాటులోకి వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే దాని పక్కన రెండోది వచ్చింది. ట్రాఫిక్ రద్దీలో గంటల తరబడి నలిగిన నగరానికి అది ఉపశమనమే. అయితే వంతెన మీదుగా వెళ్లే ప్రయాణికుడికి కింద సర్వీస్ రోడ్డు పక్కనున్న బోర్డు కనిపించదు. ఇలాంటి చోట హోటల్ యజమాని మనసులో ఒక కోరిక పుట్టడం సహజం. మేడ మీద ఇనుప చట్రం నిలబెట్టి వంతెన ఎత్తుకు బోర్డు పెట్టుకుంటే బాగుండును, రాత్రి వేళ మెరిసి ఆరే దీపాలుంటే మరీ బాగుండును అనిపిస్తుంది. నిబంధన అడ్డు వస్తే, తనకొక్కడికి మినహాయింపు ఇప్పించే పెద్దమనిషి ఎవరైనా దొరుకుతారా అని చూస్తాడు.

మినహాయింపు అడగడం తప్పా? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. బోర్డుల మీద ఉండే నిబంధనలన్నీ ఒక కోవకు చెందినవి కావు. కొన్ని దారిన పోయేవారి ప్రాణాల కోసం ఉన్నవి. కొన్ని నేల భాష గౌరవం కోసం ఉన్నవి. అరుదుగా కొన్ని, ఫలానా వర్గంవారిని వేరుచేసి చూపడానికి పుట్టుకొచ్చినవి. ఈ మూడింటికీ మన స్పందన ఒకేలా ఉండకూడదని మేము భావిస్తున్నాము.

మొదటి కోవ: ప్రాణ రక్షణ నిబంధనలు

వ్యాపార ప్రకటన కూడా భావప్రకటనా స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు 1995లో టాటా ప్రెస్ కేసులో తేల్చింది. కాబట్టి బోర్డు పెట్టుకోవడం ఎవరి దయాదాక్షిణ్యమో కాదు. అయితే ఆ స్వేచ్ఛకు సహేతుకమైన హద్దులుంటాయి. వాహన చోదకుల దృష్టిని మరల్చి ప్రమాదాలకు దారితీసే హోర్డింగులను తొలగించాలని 1997లో ఢిల్లీకి సంబంధించి అదే న్యాయస్థానం ఆదేశించింది.

విజయవాడ 1888లో పురపాలక సంఘమై, 1981లో నగరపాలక సంస్థ అయింది. హైదరాబాద్ కోసం 1955లో చేసిన నగరపాలక చట్టమే ఇక్కడికీ వర్తింపజేశారు. కట్టడం నెత్తిన ఆకాశంలోకి లేచే బోర్డులను, వీధికి కనిపించే ప్రకటనలను అదుపు చేసే అధికారం ఆ చట్టం కమిషనరుకు ఇచ్చింది. జాతీయ రహదారి భూమి విషయానికొస్తే 2002 నాటి మరో కేంద్ర చట్టం ఉంది. అనుమతి లేకుండా ఆ భూమిలో ఏదీ నిలబెట్టరాదు. అంటే బెంజ్ సర్కిల్ వంటి చోట అడుగు ఇటు వేస్తే నగరపాలక సంస్థ, అటు వేస్తే జాతీయ రహదారుల సంస్థ.

ఇలా రెండు అధికారాలు కలిసే అంచున ప్రమాదం పొంచి ఉంటుంది. 2024 మే 13న ముంబయిలోని ఘాట్కోపర్‌లో గాలివాన మధ్య ఒక భారీ హోర్డింగు పెట్రోలు బంకు మీద కూలింది. 17 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ నగరపాలక సంస్థ అనుమతించే గరిష్ఠ పరిమాణం 40 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. కూలిన హోర్డింగు 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. ఆ స్థలం రైల్వే పోలీసులది, నగరపాలక నిబంధన మాకు వర్తించదు అన్న వాదన చాటున అది నిలబడింది. ఒక్కరికి దొరికిన వెసులుబాటుకు పెట్రోలు పోయించుకోవడానికి ఆగిన అమాయకులు మూల్యం చెల్లించారు.

తుపానులు కృష్ణా డెల్టాకు కొత్త కాదు. మేడ మీద పెట్టిన ఇనుప చట్రం ఈదురుగాలికి ఎటు పడుతుందో చెప్పగలవారు లేరు. తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో హైదరాబాద్ కోసం తెచ్చిన ప్రకటనల విధానం నేల నుంచి 15 అడుగులు దాటిన ప్రకటనలను నిషేధించింది. వ్యాపారులకు అది కష్టంగా తోచి ఉండవచ్చు. కానీ దాని వెనకనున్న ఆలోచన దారిన పోయేవారి క్షేమమే. దారిలోంచి హాని కలిగించే వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. అలాంటి వస్తువును మన చేతులతోనే దారి మీద నిలబెట్టడానికి సిఫారసు వెతకడం మనకు తగని పని.

ఒక ముస్లిం సోదరుడి హోటల్ అయినా, మరొకరిదైనా, ఇక్కడ నియమం ఒక్కటే. పలుకుబడి ఉన్నవాడికి ఎత్తైన బోర్డు అనుమతిస్తే, పక్కనే చిన్న టీ దుకాణం నడిపేవాడు మరింత మరుగున పడతాడు. అందరికీ ఇస్తే ఎవరి బోర్డూ కనిపించదు.

మరి వంతెన వల్ల నష్టపోయినవారు చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర లేదు. తనకొక్కడికి కాకుండా అందరికీ ఉపయోగపడేదాన్ని అడగవచ్చు. మన రహదారుల మీద నీలిరంగు పలకపై ఆసుపత్రి, పెట్రోలు బంకు, భోజనశాల గుర్తులు చూస్తూనే ఉంటాము. దేశంలోని రహదారి గుర్తుల ప్రమాణాల్లో భోజనశాల గుర్తుకు స్థానం ఉంది. వంతెన ఎక్కకముందే, సర్వీస్ రోడ్డు చీలే చోట అలాంటి పలక పెట్టమని హోటళ్లవారంతా కలిసి వినతిపత్రం ఇస్తే అది న్యాయమైన కోరిక. అందులో గొప్పవాడు, పేదవాడు అన్న తేడా ఉండదు.

నిబంధనకు లోబడటం వల్ల వ్యాపారం దెబ్బతింటుందన్న భయానికి ఆధారం తక్కువ. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో సెడోనా అనే పట్టణం ఉంది. చుట్టూ ఎర్రని కొండలు. 1993లో అక్కడ మెక్‌డొనాల్డ్స్ హోటల్ తెరిచినప్పుడు, దాని పసుపు పచ్చని కమానుల గుర్తు కొండల అందానికి నప్పదని పట్టణ అధికారులు అభ్యంతరం చెప్పారు. అంత పెద్ద సంస్థ తన రంగు మార్చుకుని లేత నీలి ఆకుపచ్చ కమానులు పెట్టింది. ఇప్పుడు ఆ వింత రంగు బోర్డు దగ్గర ఫొటో దిగడానికే యాత్రికులు ఆగుతున్నారు.

రెండో కోవ: భాషా నిబంధనలు

మన రాష్ట్రంలో దుకాణాల, సంస్థల చట్టం 1988లో వచ్చింది. దాని కింద 1990లో చేసిన నియమాల ప్రకారం ప్రతి సంస్థ పేరు బోర్డు తెలుగులో ఉండాలి. ఇతర భాషలు వాడితే అవి తెలుగుకు కింద ఉండాలి. నగరంలోని ఎన్నో బోర్డులు ఈ నియమాన్ని పాటించడం లేదన్నది కళ్లు తెరిచి చూస్తే తెలిసేదే.

ఇక్కడ మన సోదరుల్లో ఒక అపోహ కనిపిస్తూ ఉంటుంది. ఉర్దూలో పేరు రాసుకోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలనీ, అది ప్రభుత్వం చూపే వెసులుబాటనీ కొందరు అనుకుంటారు. నిజం అది కాదు. తెలుగు పైన, ఉర్దూ కింద అన్న వరుస నియమంలోనే ఉంది. పైగా రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తించే బిల్లును 2022లో మన శాసనసభ ఆమోదించింది.

మహారాష్ట్రలోని అకోలా జిల్లా పాతూరు పురపాలక సంఘం తన కార్యాలయ బోర్డు మీద మరాఠీతో పాటు ఉర్దూలో కూడా పేరు రాసింది. దాన్ని తీసేయాలని వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం ఆ బోర్డును సమర్థించింది. భాషకు మతం ఉండదనీ, ఉర్దూ ఈ నేల మీదే పుట్టిన భాషేననీ న్యాయమూర్తులు గుర్తుచేశారు.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. దుకాణాల బోర్డులపై మరాఠీ తప్పనిసరి అన్న మహారాష్ట్ర నియమాన్ని చిల్లర వర్తకుల సంఘం ఒకటి సవాలు చేసింది. 2022లో బొంబాయి హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసి, 25,000 రూపాయల ఖర్చులు కట్టమంది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వర్తకులకు రెండు నెలల గడువిచ్చి, వ్యాజ్యాల మీద పెట్టే సొమ్ము బోర్డుల మీద పెట్టడం మేలన్న ధోరణిలో హితవు చెప్పింది. మనం ఏ నేల మీద తిని, అమ్మి, బతుకుతున్నామో ఆ నేల భాషను బోర్డు మీద పైన పెట్టడంలో కోల్పోయేది ఏమీ లేదు. తెలుగు మన ఇళ్లలో మన పిల్లలు చదువుకునే భాష కూడా.

మూడో కోవ: మనిషిని వేరుచేసే నిబంధనలు

2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ పోలీసులు కావడి యాత్ర దారిలోని హోటళ్లు, తినుబండారాల దుకాణాలవారు యజమానుల పేర్లు బయటకు కనిపించేలా రాయాలన్నారు. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం దాన్ని యాత్ర మార్గమంతటికీ విస్తరించింది. పైకి అది పారదర్శకతలా కనిపించినా, వంట చేసినవాడి మతం తెలుసుకోవడానికే అది పనికొస్తుందన్నది పిటిషన్ వేసినవారి వాదన.

జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలును మధ్యంతరంగా నిలిపివేసింది. ఏ రకం ఆహారం అమ్ముతున్నారో తెలపమనవచ్చు గానీ, యజమానుల, పనివారి పేర్లు రాయమని బలవంతపెట్టరాదని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరైన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి మన మదనపల్లెకు చెందినవారు. విచారణ సమయంలో ఆయన కేరళలో తాను చూసిన రెండు శాకాహార హోటళ్ల ముచ్చట చెప్పారు. ఒకటి హిందువుది, మరొకటి ముస్లింది. శుభ్రత బాగుంటుందని తాను ముస్లిం హోటల్‌కే వెళ్లేవాడినన్నారు. ఏ ప్రకటనా తేలేని గౌరవాన్ని ఆ హోటల్ యజమాని వంటగది శుభ్రత తెచ్చింది.

మరుసటి ఏడాది అవే దారుల్లో క్యూఆర్ కోడ్ పలకల వివాదం వచ్చింది. 2025 జూలై 22న సుప్రీంకోర్టు మిగిలిన అంశాల జోలికి పోకుండా, చట్టం కోరే లైసెన్సును, నమోదు పత్రాన్ని హోటళ్లు ప్రదర్శించాలని చెప్పింది. ఇందులోనూ ఒక పాఠముంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద తీసుకున్న లైసెన్సును గోడకు తగిలించడం అందరికీ వర్తించే నియమం. దాన్ని పాటించినవాడే, తనను వేరుచేసే నియమాన్ని ధైర్యంగా ప్రశ్నించగలడు. మొదటి రెండు కోవల నిబంధనలను ఉల్లంఘిస్తూ మూడో కోవ దగ్గర న్యాయం అడిగితే ఆ గొంతుకు బలం ఉండదు.

బోర్డు చెప్పింది పాత్రలో ఉండాలి

ఎత్తు, భాష, పేరు అన్నీ సరిపోయినా, బోర్డు మీది మాట నిజం కావాలి. ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందనీ, జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైనే ఎందుకు ఉంచలేదని వర్తకుడిని మందలించారనీ హదీసు గ్రంథం సహీహ్ ముస్లింలో ఉంది. హోటల్ బోర్డు కూడా రాశి పైపొర వంటిదే. ‘హలాల్’ అని రాసిన ప్రతి యజమాని మాంసం ఎక్కడి నుంచి వస్తోందో తాను స్వయంగా తెలుసుకుని ఉండాలి. ‘శాకాహారం’ అని రాసిన చోట గరిటె కూడా వేరుగా ఉండాలి. ఆ అక్షరాలను నమ్మి తినేది చిన్న పిల్లలున్న కుటుంబాలు. ఈ విషయంలో ఎవరికీ ఏ మినహాయింపూ లేదు.

హోటల్ నడిపే సోదరులకు మా మనవి ఇది. బోర్డు చేయించే ముందే కొలతలతో, బొమ్మతో నగరపాలక సంస్థకు దరఖాస్తు చేయండి. పెద్ద చట్రమైతే దాని పటుత్వం గురించి ఇంజనీరు చేత రాతపూర్వకంగా రాయించుకోండి. నియమం నిజంగా అన్యాయంగా ఉంటే పక్క దుకాణాలవారినీ కలుపుకుని, కారణాలు రాసి, దాన్ని అందరికీ మార్చమని అడగండి. తిరస్కరిస్తే కారణం కాగితం మీద ఇమ్మని కోరండి. ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టకండి.

పాఠక కుటుంబాలకూ ఒక మాట. మీరు ఆగిన హోటల్ బోర్డు ఎంత పెద్దదన్నది చూడకండి. గోడ మీద లైసెన్సు ఉందా, వంటగది శుభ్రంగా ఉందా, మాంసం ఎక్కడిదని అడిగితే తడుముకోకుండా జవాబు వస్తోందా అన్నది చూడండి. మీరు అడగడం మొదలుపెడితే, వంతెన నీడలో చిన్న బోర్డుతో నిజాయితీగా వండేవాడికి కూడా గిరాకీ దొరుకుతుంది.