క్యాన్సర్ మందు వాడుతున్నారా? గుండె మీదా ఓ కన్నేయండి!

మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్. కీమో అయ్యాక ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టి, మూడు నెలలకోసారి గుండెకి ఎకో తీయించమన్నారు. 'జబ్బు ఒకచోట, పరీక్ష ఇంకోచోటా? డబ్బు దండగరా!' అందావిడ. సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, కారణం తెలిసేదాకా నాకు నిద్రపట్టలేదు.

1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, క్యాన్సర్ కణాల మీదుండే హెర్2 అనే ప్రొటీన్‌ని పట్టుకుని వాటి పెరుగుదలని ఆపుతుంది. చిక్కేంటంటే, గుండె కండరం తనని తాను బాగుచేసుకోవడానికీ హెర్2 కావాలి. అది ఆగితే కొందరిలో పంపింగ్ బలం తగ్గుతుంది. ఆంత్రాసైక్లిన్ రకం కీమోతో కలిపి ఇచ్చినప్పుడు 27 శాతం మందిలో గుండె పనితీరు దెబ్బతిన్నట్టు 2001లో వెలువడిన ఫలితాల్లో తేలింది. అందుకే ఇప్పుడు ఆ రెండూ సాధారణంగా ఒకేసారి ఇవ్వరు.

రక్తనాళాలకీ ఈ బెడద ఉంది. బెవాసిజుమాబ్ బీపీ పెంచుతుంది. బ్లడ్ క్యాన్సర్‌కి వాడే పొనాటినిబ్‌తో ధమనుల్లో గడ్డలు కట్టొచ్చు.

పెద్దమ్మకి మూడో ఎకోలో పంపింగ్ 62 నుంచి 46కి పడిపోయింది. ఆయాసం లేదు, వాపు లేదు. ఎకో తీయించకపోతే తెలిసేదే కాదు! ఇంజెక్షన్ ఆపి గుండె మాత్రలిచ్చారు. ఆరు వారాల్లో 57కి చేరింది, మళ్లీ మొదలుపెట్టారు. ట్రాస్టుజుమాబ్ వల్ల వచ్చే ఈ నీరసం చాలామందిలో ఇలాగే కోలుకుంటుంది.

ఆయాసం, కాళ్లవాపు, గుండెదడ ఉంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. మందు మాత్రం సొంతంగా మానొద్దు. మా పెద్దమ్మ ఇప్పుడు ఎకో తేదీని క్యాలెండర్లో తనే రాసుకుంటోంది!