తీగలేని ఫోను – తొలగని గరగర

రాత్రివేళ మీడియం వేవ్‌పై దగ్గరి కేంద్రమును వినుచుండగా దూరపు కేంద్రమొకటి వచ్చి దానిపై పడుట శ్రోతలకు అనుభవమే. పగలు ఆ తరంగములను పీల్చివేయు ఆకాశపు పొర సూర్యాస్తమయమైన పిదప క్షీణించును. దూరపు ధ్వని మన ఇంటికి చేరును. ఒకే పౌనఃపున్యముపై ఇద్దరు మాటాడినచో ఇద్దరి మాటయు చెడును. ప్రసారకులమైన మాకు నిత్యమైన ఈ సమస్య, కార్డ్‌లెస్ ఫోనున్న ప్రతి ఇంటను చిన్న రూపమున కలదు.

ఆ ఫోను నిజమునకు రెండు చిన్న రేడియో కేంద్రముల జత. బేస్ అనబడు పీఠమొకటి, చేతిలోని హ్యాండ్‌సెట్టు మరొకటి. రెండును ప్రసారము చేయును, రెండును గ్రహించును. ఇరుగుపొరుగు జతలు ఒకే మార్గమున కలిసినచో గరగర పుట్టును, మాట తెగును. వైద్యుడు చెప్పు మందు మోతాదులో ఒక్క మాట తెగినను ముప్పే కదా!

అమెరికాలో 1980ల నాటి ఫోనులు 46, 49 మెగాహెర్ట్జ్‌ల వద్ద పనిచేసెడివి. మార్గములు పదియే యగుటచే పొరుగువారి సంభాషణలు వినవచ్చెడివి. పిదప వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ ఫోనులకు వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి పోటీకి వచ్చినవి. ఆ పొయ్యి 2,450 మెగాహెర్ట్జ్ చెంత పనిచేయును. దానినుండి వెలువడు స్వల్పాంశమే ఫోను సంకేతమును అణచివేయగలదు.

ఐరోపాలో పుట్టిన డెక్ట్ పద్ధతి ఈ చిక్కును నేర్పుతో విప్పినది. 1880 నుండి 1900 మెగాహెర్ట్జ్‌ల నడుమ పది తరంగములు. ఒక్కొక్కదానిపై సెకనులో నూరవ వంతును 24 భాగములు చేసి, పోవు మాటకు 12, వచ్చు మాటకు 12 కేటాయించిరి. ఇట్లు 120 మార్గములేర్పడినవి. వానిలో నిశ్శబ్దమైన దానిని ఫోను తానే వెదకుకొనును. కొత్త ఫోను కొనువారు పెట్టెపై డెక్ట్ అను మాటను చూచుట మంచిది.

అయితే అమెరికాలోని బంధువులు తెచ్చు ‘డెక్ట్ 6.0’ ఫోను విషయమున జాగ్రత్త వలయును. అది 1920 నుండి 1930 మెగాహెర్ట్జ్‌ల నడుమ పనిచేయును. ఐరోపాలో ఆ భాగము సెల్‌ఫోనులది. మన దేశమునను అది ఇతర సేవలకే కేటాయింపబడినది. మన ఫోను బాగుగ వినబడినను పొరుగువారి ఫోను చెడవచ్చును.

ఉన్న ఫోనులో గరగర వచ్చినచో ఇంటిలోని విద్యుత్పరికరములను ఒక్కొక్కటిగా ఆపి చూడవలెను. ఏది ఆపినపుడు శబ్దము తగ్గునో అదియే కారణము. 2.4 గిగాహెర్ట్జ్ ఫోను పీఠమును వైఫై పెట్టె పక్కనే ఉంచరాదు. పొడవైన తీగ వేసి దూరముగ, కొంత ఎత్తున అమర్చవలెను. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుటయు ఉపాయమే. ఒకే లైనుకు మూడు గదులలో ఫోనులు కావలసినచో మూడు పీఠములు కొనుటకంటె ఒకే పీఠమునకు మూడు హ్యాండ్‌సెట్లను జతపరచుట మేలు.

ఆ పీఠమునకు విద్యుత్తునిచ్చు చిన్న అడాప్టరు మీడియం వేవ్‌పై గుయ్యిమను శబ్దము పుట్టింపవచ్చును. దానిని రేడియో ఉన్న బల్లపై గాక వేరొక గోడకు తగిలింపుడు. రెండింటి మాటయు స్పష్టముగ వినబడును.