ఇసుక కోసం కట్టిన గట్టు

కొరియా తూర్పు తీరాన జుమున్‌జిన్‌కు ఒక డ్రామా జంటను తలచుకుని జనం వస్తారు. అదే డ్రామాలో, ఎవరూ అనుకోకుండా వాళ్ల మనసులో చోటు చేసుకున్న జంటలు ఇంకా ఉన్నాయి.

చూడ్డానికి చాలా మామూలు గట్టు. సిమెంటు, బండరాళ్లు, అంతే. ఒడ్డు నుంచి చివరిదాకా నడవడానికి రెండు నిమిషాలు చాలు. అటూ ఇటూ అలలు రాళ్లకు కొట్టుకుని, గాలి గట్టిగా ఉంటే ముఖం మీదికి తుంపరలు ఎగురుతాయి. ఆ గట్టు ఎక్కడానికి జనం వరసలో నిలబడతారు. ఒకరు మెడకు ఎర్ర మఫ్లర్ చుట్టుకుంటారు, ఇంకొకరు చేతిలో తెల్లపూల గుత్తి పట్టుకుంటారు. గట్టు చివర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే, ఒడ్డు మీదున్న మూడో మనిషి ఫొటో తీస్తాడు. దిగగానే తర్వాతి జంట ఎక్కుతుంది.

ఇది దక్షిణ కొరియాలోని గాంగ్వన్ ప్రావిన్సు, గాంగ్‌నుంగ్ నగరానికి ఉత్తరాన జుమున్‌జిన్ పక్కనున్న యంగ్‌జిన్ తీరం. ‘గాబ్లిన్’ డ్రామాలో పద్దెనిమిదో ఏడు దాటుతున్న ఓ అనాథ అమ్మాయి ముందు, 939 ఏళ్ల వయసున్న ఓ మనిషి ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యేది ఇక్కడే.

చేపల రేవు

డ్రామా రాకముందు జుమున్‌జిన్ అంటే కొరియా వాళ్లకు స్క్విడ్ గుర్తొచ్చేది. రేవులో పడవలు, తాజా చేపల బజారు, ఎండబెట్టిన స్క్విడ్ వేలాడే దుకాణాలు ఊరి బతుకు. కొండ మీది తెల్ల లైట్‌హౌస్ 1918లో వెలిగింది. గాంగ్వన్ తీరంలో అదే మొదటిది.

యంగ్‌జిన్ తీరాన ఇలాంటి గట్లు వరసగా చాలా ఉన్నాయి. అలలు ఇసుకను కోసుకుపోకుండా కట్టినవి. పడవలు ఆగడానికి కాదు, మనుషులు నడవడానికి అసలే కాదు. గాంగ్‌నుంగ్ వచ్చేవాళ్ల దారి వేరుగా ఉండేది. పేరున్న బీచ్ గ్యాంగ్‌పో. పేరున్న ఇల్లు ఓజుఖాన్. చిత్రకారిణి షిన్ సైమ్‌దాంగ్, ఆమె కొడుకైన పండితుడు యుల్‌గోక్ పుట్టింది ఆ ఇంట్లోనే. కొరియా 50,000 వాన్ నోటు మీద తల్లి బొమ్మ, 5,000 వాన్ నోటు మీద కొడుకు బొమ్మ ఉంటాయి. అలాంటి ఊళ్లో, ఇసుక కోసం కట్టిన ఒక గట్టు చూడాల్సిన చోటు అవుతుందని ఎవరనుకుంటారు?

బక్‌వీట్ పూల గుత్తి

‘గాబ్లిన్’ 2016 డిసెంబరు 2న టీవీఎన్ చానల్లో మొదలై 2017 జనవరి 21న ముగిసింది. మొత్తం 16 భాగాలు. రచన కిమ్ ఉన్-సుక్, దర్శకత్వం లీ ఉంగ్-బొక్. కొరియన్‌లో దీని పేరు ‘డొక్కేబీ’. జానపద కథల్లో మనుషులతో ఆటలాడే, వాళ్లకు వరాలూ ఇచ్చే ఒక శక్తి పేరు అది. కథలో ఆ డొక్కేబీ గొర్యో రాజ్య కాలపు సేనాపతి కిమ్ షిన్. గుండెల్లో దిగిన కత్తితో చావులేక బతుకుతుంటాడు. ఆ కత్తిని పీకగలిగేది అతని పెళ్లికూతురు ఒక్కతే. గోంగ్ యూ ఆ పాత్ర వేశాడు.

జి ఉన్-తక్ పాత్ర కిమ్ గో-ఉన్‌ది. తల్లి లేని పిల్ల, పిన్ని ఇంట్లో తిట్లు తింటూ పెరుగుతుంది. పుట్టినరోజున ఎర్ర మఫ్లర్ చుట్టుకుని, కేకు తీసుకుని ఒంటరిగా ఈ తీరానికి వస్తుంది. కొవ్వొత్తులు ఊదగానే అతను కనిపిస్తాడు. చేతిలో బక్‌వీట్ పూలు. మన ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టు పిండి ఈ మొక్క గింజలతోనే చేస్తారు. గాంగ్వన్ కొండల్లో ఇది ఇంటి పంట. చల్లటి నూడుల్స్, పల్చటి అట్లు దీని పిండితోనే. అందుకే ఈ ప్రాంతంవాళ్లకు ఆ తెల్లపూలు మామూలు పూలగుత్తి కాదు, పొలం గట్టు జ్ఞాపకం.

ఈ పూలను, ఈ తీరాన్ని కలిపి రాసిన కిమ్ ఉన్-సుక్ పుట్టింది గాంగ్‌నుంగ్‌లోనే. సియోల్ వెళ్లి రాయడం నేర్చుకోకముందు ఆమె ఒక ఫర్నిచర్ కంపెనీలో ఉద్యోగం చేసింది. ఎన్నో డ్రామాల తర్వాత తన ఊరి గాలిలోకి తన కథానాయికను పంపింది.

ఒకే ఇంట్లో ఇద్దరు

పోస్టరు ప్రకారం జంట కిమ్ షిన్, ఉన్-తక్. రాత ప్రకారమూ అంతే. ఆమె అతని పెళ్లికూతురని కథ మొదట్లోనే తేల్చేస్తుంది. జనం వాళ్లనూ ప్రేమించారు. దాంతో ఆగలేదు.

కిమ్ షిన్ ఇంట్లో ఒక యమదూత అద్దెకు దిగుతాడు. నల్లకోటు, నల్లటోపీ, చనిపోయినవాళ్లకు టీ ఇచ్చి గతం మరిపించే ఉద్యోగం. లీ డాంగ్-ఉక్ వేసిన పాత్ర. ఒకే బల్ల దగ్గర ఒకడు మాంసం తింటాడు, ఇంకొకడు ఆకుకూరలే తింటాడు. చేతులు కదపకుండానే కత్తులూ ఫోర్కులూ గాల్లోకి లేపి కొట్టుకుంటారు. ఒక రాత్రి ఉన్-తక్‌ను కాపాడటానికి ఇద్దరూ చీకట్లోంచి పొగమంచును చీల్చుకుంటూ నడిచివస్తారు. తర్వాత ఒకచోట అదే నడక, అదే ఠీవి, చేతుల్లో మాత్రం ఉల్లికాడల సంచులు. ఆ నడక చూసి జనం పరవశించిపోయారు. ప్రేమకథ చూద్దామని కూర్చున్నవాళ్లు ఇద్దరు మగవాళ్ల స్నేహానికి మనసిచ్చేశారు.

రెండో జంట ఇంకా లోతైనది. సన్నీకి ఒక చికెన్ కొట్టు ఉంటుంది. యూ ఇన్-నా ఆ పాత్రలో ఎంత ధైర్యంగా నవ్వుతుందో అంత ఒంటరిగా కనిపిస్తుంది. పాదచారుల వంతెన మీద, ఒక ముసలమ్మ అమ్మే పచ్చరాయి ఉంగరం కోసం ఆమె, యమదూత ఒకేసారి చేయి చాస్తారు. ఆమెను చూడగానే అతని కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఎందుకో అతనికే తెలీదు. ఆమె పేరు అడిగితే చెప్పడానికి అతనికి పేరే లేదు. ఓ సినిమా నటుడి పేరు చెప్పేస్తాడు. గత జన్మలో అతను రాజు, ఆమె అతని రాణి, కిమ్ షిన్ చెల్లెలు. కిమ్ షిన్, ఆ రాణి ఇద్దరి చావుకూ ఆజ్ఞ ఇచ్చింది ఆ రాజే. అంటే ఉల్లికాడలతో పక్కపక్కన నడిచిన స్నేహితులు ఒకప్పుడు చంపినవాడు, చచ్చినవాడు. ఈ నిజం బయటపడే భాగాల్లో కథ బరువంతా ‘పక్క జంట’ భుజాల మీదే పడుతుంది. మోయగలిగారు కాబట్టే గుర్తుండిపోయారు.

పేరు పెట్టేది ప్రేక్షకులు

కొరియాలో ఇలాంటి వాటికి మాటలున్నాయి. ఇద్దరి మధ్య పండే రసాయనం ‘కెమీ’. కథలో రెండో వరస జంట ‘సబ్ కపుల్’. జంటకు పేరు పెట్టే పని ప్రేక్షకులది. కిమ్ ఉన్-సుక్ మరొకరితో కలిసి రాసిన ‘డిసెండెంట్స్ ఆఫ్ ద సన్’ 2016లో కేబీఎస్ చానల్లో వచ్చి, చివరి భాగానికి 38.8 శాతం రేటింగ్ తెచ్చుకుంది. అందులో సార్జెంట్‌గా జిన్ గూ, సైనిక వైద్యురాలిగా కిమ్ జి-వన్ వేసినవి పక్క పాత్రలే. ప్రేక్షకులు నటుల పేర్లు కలిపి ‘గూవన్ జంట’ అన్నారు. కొరియన్‌లో ‘గూవన్’ అంటే కష్టం నుంచి గట్టెక్కించడం. పేరు అలా కుదిరింది.

ఆ డ్రామా మొత్తం ప్రసారానికి ముందే తీసేశారు. ఎపిసోడ్లు వస్తుంటే జనం మాట విని రాత మార్చే వీలే లేదు. అయినా పక్క జంట గెలిచింది. దీన్నిబట్టి నాకు అర్థమైందొకటే. ముఖ్య జంట కథను గమ్యానికి చేర్చాలి, వాళ్లకు తీరిక ఉండదు. పక్క జంటకు చిన్నచిన్న సంగతులు మిగులుతాయి: ఒక అబద్ధపు పేరు, ఒక ఉంగరం, చెప్పలేక మింగేసిన మాట. గంటకు పైగా సాగే 16 భాగాల్లో ఆ చిన్న సంగతులు పోగుపడి, మనకు తెలీకుండానే మనవైపోతాయి.

జంట అంటే ఆడా మగా అనే లెక్క కూడా ప్రేక్షకులు పెట్టుకోలేదు. 2017 ఏడాది చివర కేబీఎస్ ‘బెస్ట్ కపుల్’ అవార్డు అందుకున్నవాళ్లలో ‘చీఫ్ కిమ్’ డ్రామాలో ఒకరి మీద ఒకరు కాలుదువ్విన నాంగూంగ్ మిన్, లీ జున్‌హో కూడా ఉన్నారు.

యమదూత, సన్నీల మీది ప్రేమ డ్రామాతో తీరలేదు. 2019లో అదే టీవీఎన్‌లో ‘టచ్ యువర్ హార్ట్’ వచ్చింది. లాయరుగా లీ డాంగ్-ఉక్, నటిగా యూ ఇన్-నా. ఈసారి పోస్టరు మీద వాళ్లిద్దరే. పక్కన నిలబడ్డవాళ్లు రెండేళ్లకు మధ్యకు వచ్చారు.

దేవుడూ, ఊరి అమ్మాయీ

ఈ ప్రాంతానికి జంటలు కొత్త కాదు. గాంగ్‌నుంగ్ దానోజే ఉత్సవానికి 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చాంద్రమానం ఐదో నెల ఐదో రోజు దానికి ముఖ్యమైన తిథి. డేగ్వల్‌యంగ్ కనుమ దేవుడు ఊళ్లోని జంగ్ వారి అమ్మాయిని ఇష్టపడి, పులిని పంపి తెప్పించుకున్నాడని స్థలపురాణం. ఏటా కొండ మీది దేవుణ్ని ఊరేగింపుగా దించి, ఆ అమ్మాయి గుడిలో ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడతారు. అహోబిలం నరసింహుడు చెంచుపిల్లను పెళ్లాడిన కథ విని పెరిగిన మనకు ఇది వింతగా తోచదు. అనుకోని జంటను ఏడాదికోసారైనా కలిపి చూసుకోవాలనే కోరిక జనానిదే. గట్టు దగ్గర వరస కట్టేవాళ్లదీ ఆ కోరికే.

వెళ్లాలంటే

సియోల్ నుంచి గాంగ్‌నుంగ్‌కు 2017 డిసెంబరులో కేటీఎక్స్ వేగరైలు మొదలైంది. ప్రయాణం సుమారు రెండు గంటలు. అక్కడి నుంచి జుమున్‌జిన్‌కు సిటీ బస్సులుంటాయి. గట్టు చూశాక రేవు బజారులో తినొచ్చు, లైట్‌హౌస్ చూడొచ్చు. ఉత్తరాన హ్యాంగ్‌హో తీరంలో బీటీఎస్ బృందం ఆల్బమ్ ఫొటోల కోసం వేసిన బస్‌స్టాప్ ఉంది. మొదటిది తీసేస్తే, అభిమానుల కోసం మళ్లీ కట్టారు. అలలు పెద్దగా ఉన్నప్పుడు గట్టు ఎక్కకూడదు. రాళ్లు జారతాయి.

యమదూత, సన్నీ కలిసిన వంతెన సియోల్‌లో ఉంది, ఈ తీరానికి చాలా దూరం. ఇక్కడ వాళ్ల గుర్తేమీ లేదు. ఉల్లికాడల నడకకూ లేదు. అయినా ఆ వరసలో నా వంతు వచ్చిన రోజున నేను ఎర్ర మఫ్లర్ చుట్టుకోను. పక్కన నా చిన్ననాటి స్నేహితురాలిని నిలబెట్టుకుంటాను. మా చేతుల్లో జుమున్‌జిన్ బజారులో కొన్న ఉల్లికాడల సంచులు ఉంటాయి. గట్టు చివరిదాకా ఠీవిగా నడుస్తాం.