గేములో ట్యాంకు ఎన్ని దెబ్బలకు పోవాలి?

హైదరాబాద్: 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు వెళ్లిపోయినా బేగంపేట పిల్లలకు విమానాల పిచ్చి పోలేదు. ఇప్పుడది కంప్యూటర్ గేముల్లోకి చేరింది. యుద్ధ విమానాల గేముల్లో ఒక పేచీ ఎప్పుడూ ఉండేదే: కింద ఉన్న ట్యాంకు ఎన్ని దెబ్బలకు పోవాలి?

చాలా గేముల్లో ట్యాంకుకైనా లారీకైనా కొన్ని ప్రాణ పాయింట్లు ఇస్తారు. దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గుతాయి, సున్నా అయితే పేలుడే. లెక్క తేలికే గానీ అసలు యుద్ధం అలా ఉండదు. నిజాం సొమ్ముతో హైదరాబాద్ పేరు పెట్టుకున్న 152 స్క్వాడ్రన్ బర్మాలో నడిపిన స్పిట్‌ఫైర్‌నే తీసుకోండి. దాని 20 మిల్లీమీటర్ల ఫిరంగికి లారీ కాలిపోతుంది. పెద్ద ట్యాంకు ముందు కవచానికి మాత్రం గీతలు పడతాయి, అంతే. లారీకైతే పక్కన పడిన బాంబు ముక్కలే చాలు. ఆ ముక్కల్ని సరిగా లెక్కించని గేములో అదీ చెక్కుచెదరదు!

1944 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని మోర్తేన్ దగ్గర రెండు వందలకు పైగా జర్మన్ ట్యాంకులను కొట్టామని పైలట్లు చెప్పారు. తర్వాత నేల మీద వెతికితే విమానాల దెబ్బకు పోయినవి పదికి అటూ ఇటూ తేలాయి. కొన్నిటిని సిబ్బందే వదిలేసి పారిపోయారు.

అందుకే మెరుగైన గేముల్లో ఇంజిన్, పట్టాలు, సిబ్బంది లెక్క విడివిడిగా ఉంటుంది. మంట రాకపోయినా ట్యాంకు పనికిరాకుండా పోవచ్చు. పైనుంచి చూసే కుర్రాడికి అది కనపడదు, ఇంకా స్కోరు రాలేదేమని గోల పెడతాడు.