చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం!
జర్మన్ నేర్చుకునేవారికి డెర్–డీ–డాస్ చిక్కు. విప్పే ఉపాయం మన విభక్తుల్లోనే ఉంది

అంగలకుదురు: భోజనాల బల్ల మీద మూడు వస్తువులున్నాయి. చెంచా, ఫోర్కు, కత్తి. మన లెక్కలో మూడూ ప్రాణం లేని సామానే. జర్మన్ భాషలో మాత్రం చెంచా మగది, ఫోర్కు ఆడది, కత్తి రెండూ కానిది! ‘డెర్ లొఫెల్’, ‘డీ గాబెల్’, ‘డాస్ మెస్సర్’ అనాలి. ఎందుకలా అని అడిగితే జర్మన్లు కూడా నవ్వి ఊరుకుంటారు. చిన్నప్పటి నుంచి అలా అంటున్నారు కనుక అంటున్నారు, అంతే.

పల్లెలో ఉన్నవారికి ఈ గొడవ ఎందుకని అనుకోనక్కర్లేదు. జర్మనీలో నర్సుల కొరత తీవ్రంగా ఉంది. వలసలు, ఉపాధి విషయమై భారత్, జర్మనీలు 2022 డిసెంబరులో ఒప్పందం కుదుర్చుకున్నాయి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి అక్కడికి పంపే పని చేపట్టింది. అంగలకుదురు స్టేషనులో రైలెక్కి గుంటూరు వెళ్లి నర్సింగు చదువుకునే అమ్మాయికి కూడా రేపు ఈ భాషతో పని పడవచ్చు.

నాలుగో మెట్టు దాటాలి

జర్మన్ చదువుకు ఎ-1 నుంచి సి-2 వరకు ఆరు మెట్లున్నాయి. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా నాలుగోదైన బి-2 మెట్టు దాటాలి. పరీక్ష తప్పితే ఫీజు మళ్లీ కట్టాలి, నెలల తరబడి మళ్లీ చదవాలి. అప్పు తెచ్చి చదివించే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. ఇక చదువు మొదలుపెట్టిన నెలలోనే చాలామందిని బెదరగొట్టేది ఈ మూడు చిన్న మాటలే: పుంలింగానికి డెర్, స్త్రీలింగానికి డీ, నపుంసకానికి డాస్.

మనకు కొత్త కాదు

నిజానికి ఈ చిక్కు మనవారు ఎరుగనిది కాదు. ప్రాథమిక, మధ్యమ అంటూ హిందీ పరీక్షలు రాసినవారిని అడగండి. కుర్చీ స్త్రీలింగమనీ, ఇల్లు పుంలింగమనీ బట్టీ పట్టినవారే వారంతా. సంస్కృతంలో భార్యకు మూడు మాటలున్నాయి. ‘భార్యా’ స్త్రీలింగం, ‘కళత్రం’ నపుంసకం, ‘దారాః’ అయితే ఏకంగా పుంలింగం! ఆ లింగం మాటకే గాని మనిషికి కాదని మన పండితులు ఏనాడో గ్రహించారు. జర్మన్‌కు కూడా అదే సూత్రం.

జర్మన్‌లో అమ్మాయిని ‘డాస్ మెడ్‌షెన్’ అంటారు. అంటే నపుంసకం. ఇంగ్లీషువారు దీన్ని ఎగతాళి చేస్తారు గాని మనం చేయరాదు. ‘అబ్బాయి వచ్చాడు’ అంటాం. ‘అమ్మాయి వచ్చింది’, ‘రైలు వచ్చింది’ అంటాం. అమ్మాయికీ, రైలుకూ ఒకే క్రియ! చిన్నయసూరి వ్యాకరణం చదివినవారికి ఇది మహత్తు, అమహత్తు పాఠమని గుర్తొస్తుంది. స్త్రీవాచకం ఏకవచనంలో వస్తువులతో చేరుతుంది, బహువచనంలో ‘వచ్చారు’ అని పురుషులతో కలుస్తుంది. జర్మన్‌లో బహువచనం ఇంకా సులువు. మూడు లింగాలకూ ఒకే ‘డీ’.

అలంకారం కాదు, విభక్తి

ఈ డెర్, డీ, డాస్ తప్పు పలికితే వచ్చే నష్టమేమిటి? చాలాసార్లు ఎదుటివారు అర్థం చేసుకుంటారు. కాని ఒక్కోసారి కథ తిరగబడుతుంది.

మనం ఆసుపత్రిలో నర్సును ‘సిస్టర్’ అన్నట్టే జర్మన్లు వాడుకలో ‘ష్వెస్టర్’ అంటారు. డాక్టరు ‘ఆర్ట్స్ట్’. ‘డీ ష్వెస్టర్ రూఫ్ట్ డెన్ ఆర్ట్స్ట్’ అంటే నర్సు డాక్టరును పిలుస్తోందని అర్థం. అందులో ‘డెన్’ తీసి ‘డెర్’ పెడితే, డాక్టరే నర్సును పిలుస్తున్నాడని అవుతుంది. ఒక్క అక్షరంతో పిలిచేదెవరో, పిలిపించుకునేదెవరో మారిపోయారు.

మన బళ్లో వల్లించిన ‘డు, ము, వు, లు’ చేసే పని ఇదే. మనం విభక్తిని మాట చివర తగిలిస్తాం, వారు మాట ముందు పెడతారు. డెర్ కర్త అయితే, డెన్ మన ‘ని, ను’, డెమ్ మన ‘కి, కు’. స్త్రీలింగపు ‘డీ’ మాత్రం ‘కు’ అర్థంలో ‘డెర్’గా మారుతుంది. ‘డెర్ ఫ్రావ్’ అంటే ఆ స్త్రీకి అని. అది చూసి పుంలింగమని పొరబడేవారు చాలామంది. అసలు లింగం తెలియకపోతే ఈ మార్పుల్లో ఒక్కటీ సరిగా కుదరదు.

లింగం మారితే అర్థం మారే మాటలూ ఉన్నాయి. ‘డెర్ లైటర్’ అంటే పై అధికారి, ‘డీ లైటర్’ అంటే నిచ్చెన. ‘డెర్ జే’ సరస్సు, ‘డీ జే’ సముద్రం.

పట్టుకోదగ్గ గుర్తులు

అన్నింటికీ సూత్రం లేదు గాని, కొన్నింటికి మాట చివరే గుర్తు ఉంటుంది. ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’ ప్రత్యయాలు చేరిన మాటలు స్త్రీలింగాలు. టీకా ‘డీ ఇంప్‌ఫుంగ్’, జబ్బు ‘డీ క్రాంక్‌హైట్’. ‘షెన్’, ‘లైన్’ చేర్చి చిన్నదనే అర్థం తెచ్చినవి నపుంసకాలు. పాపం, అమ్మాయి నపుంసకమైంది ఈ ‘షెన్’ వల్లనే. వారాల పేర్లు, నెలల పేర్లు, రుతువుల పేర్లు పుంలింగాలు.

రెండు మాటలు కలిసి ఒకటైతే చివరి మాటదే పెత్తనం. ఇల్లు ‘డాస్ హౌస్’. కనుక రోగుల ఇల్లయిన ఆసుపత్రి ‘డాస్ క్రాంకెన్‌హౌస్’. తలుపు ‘డీ ట్యూర్’. కనుక వీధి తలుపు ‘డీ హౌస్‌ట్యూర్’. ఈ ఒక్క సూత్రంతో వందల మాటలు లొంగుతాయి.

ఇంట్లోనే బడి

మిగిలినవాటికి సాధనే మార్గం. ‘రైస్ అంటే బియ్యం’ అని రాసుకుని, లింగం తర్వాత చూద్దామనుకుంటే అది ఎన్నటికీ రాదు. ‘డెర్ రైస్’ అని మొదటి రోజే ఒకే మాటగా పలకాలి. ‘రాము’ అని విడిగా నేర్చి ‘డు’ తర్వాత తగిలించుకున్నామా? రాముడు అనే నేర్చుకున్నాం.

ఇంట్లోని వస్తువులకు కాగితాలు అంటించడం మరో ఉపాయం. పుంలింగానికి నీలం, స్త్రీలింగానికి ఎరుపు, నపుంసకానికి ఆకుపచ్చ సిరా వాడితే కంటికి గుర్తుంటుంది. ఉప్పు డబ్బా మీద ‘డాస్ జాల్ట్స్’, పాలగిన్నె మీద ‘డీ మిల్ష్’, బల్ల మీద ‘డెర్ టిష్’. రోజుకు పది మాటలు పైకి చదివితే నెలకు మూడు వందలు. అమ్మ వంట చేస్తూ అడుగుతుంటే, కూతురు అప్పజెప్పవచ్చు. కాగితం మీద తెలుగులో రాసి ఉంటే, అడగడానికి అమ్మకు జర్మన్ రానక్కర్లేదు.

ఇంతకూ ఈ రాకపోకలు ఈనాటివి కావు. షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1728లోనే తెలుగు భాషకు వ్యాకరణం రాశాడు. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లిన హయ్యర్ దొర 1842లో గుంటూరు వచ్చి, లూథరన్ మిషన్ పని మొదలుపెట్టి, తెలుగు నేర్చుకున్నాడు. ‘అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది’ దగ్గర ఆయనా తడబడే ఉంటాడు. ఆయన మన విభక్తులు నేర్చుకున్న గడ్డ మీద మన పిల్లలు ఆయన అమ్మభాషలోని డెర్, డీ, డాస్ నేర్చుకోలేరా?