ప్రయాణానికి యోగా మ్యాట్: మందం కాదు, పట్టు చూడండి

పోయిన ఎపిసోడ్‌లో ఇండియా ప్రయాణాలు, నడుం నొప్పుల గురించి మాట్లాడుకుంటూ మధ్యలో నా మడత మ్యాట్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేశా. తర్వాత వచ్చిన ప్రశ్నల్లో సగం దాని గురించే. "ఎన్ని మిల్లీమీటర్లది కొనాలి?", "క్యాబిన్ బ్యాగులో పడుతుందా?", "ఇంటి దగ్గర చాప ఉంటుంది కదా, ఇంత దూరం మోసుకెళ్ళడం ఎందుకు?" మాటల్లో చెప్తే అంకెలు గుర్తుండవు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆ చివరి ప్రశ్న దగ్గర్నుంచే మొదలుపెడతా. రెండేళ్ళ క్రితం నేనూ సరిగ్గా అలాగే అనుకున్నా మరి.

నాన్నగారు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక చూసుకోవడానికి న్యూజెర్సీ నుంచి రాజమండ్రి హడావిడిగా బయల్దేరా. నాకు నడుంలో డిస్క్ సమస్య ఉంది. ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామాలూ, ఓ నాలుగు ఆసనాలూ రోజూ ఇరవై నిమిషాలు చేస్తేనే ఒళ్ళు చెప్పిన మాట వింటుంది. ఇంట్లో వాడే మ్యాట్ 6 మిల్లీమీటర్ల మందం, బరువు మూడు కిలోల పైమాటే. సూట్‌కేసులో పెట్టి చూశా, మూత పడలేదు. "మూడు వారాలే కదా, అమ్మ దగ్గర చాప ఉంటుందిలే" అని ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయా.

మూడో రోజు పొద్దున్నే హాల్లో టైల్స్ మీద చాప పరిచి అధోముఖ శ్వానాసనం వేశా. అదేనండీ, చేతులూ కాళ్ళూ నేల మీద ఆన్చి నడుం పైకెత్తేది. చేతుల కింద చాప సర్రున ముందుకు జారింది. మణికట్టు బెణికింది. అది చిన్న సంగతి. ఆ కుదుపుకి నడుం పట్టేసింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. నాన్నగారిని లేపి కూర్చోబెడదామని వెళ్ళినదాన్ని, నన్ను లేపి కూర్చోబెట్టడానికి డెబ్భై ఏళ్ళ అమ్మ కావాల్సొచ్చింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

మ్యాట్ చేసే పని ఏమిటి?

తిరిగొచ్చాక కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. మ్యాట్ చేసేవి రెండు పనులు. ఒకటి మెత్తదనం. రెండోది పట్టు, అంటే చెయ్యీ కాలూ జారకుండా ఆపడం.

మెత్తదనం ఎక్కడికెళ్ళినా దొరుకుతుంది. మన ఇళ్ళల్లో దుప్పట్లు, బొంతలు, జంపఖానాలు ఉంటాయి. హోటల్లో తువ్వాళ్ళకి లోటు లేదు. పట్టు మాత్రం అలా దొరకదు. నున్నటి టైల్స్ మీద దుప్పటి పరిస్తే ఇంకా ఎక్కువ జారుతుంది. కాబట్టి మనతో మోసుకెళ్ళాల్సింది పట్టు ఒక్కటే. మెత్తదనం వెళ్ళిన చోట అప్పు తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే, కొనేటప్పుడు ఇక పెద్దగా తికమక ఉండదు.

మరి పూర్వం మ్యాట్లు లేకుండా యోగా చేయలేదా అని అడుగుతారేమో. చేశారు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి ఆసనం ఎలా ఉండాలో చెప్తూ దర్భ, జింక చర్మం, వస్త్రం అని వస్తాయి. కానీ అది కదలకుండా కూర్చోడానికి. కూర్చున్న మనిషి బరువు తిన్నగా కిందికే దిగుతుంది, కాబట్టి చాపైనా జారదు. నిలబడి కాళ్ళు ఎడంగా చాచే వీరభద్రాసనంలోనో, చేతులతో నేలని నెట్టే ఆసనాల్లోనో బరువు ఏటవాలుగా పడుతుంది. అప్పుడు కిందున్నది పక్కకి జారిపోవాలని చూస్తుంది. ఇప్పుడు మనం వాడే అంటుకునే రకం మ్యాట్ పుట్టింది కూడా ఈ బాధలోంచే. ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచర్ జర్మనీలోని మ్యూనిక్‌లో పాఠం చెప్తున్నప్పుడు, తివాచీ జారకుండా దాని కింద వేసే రబ్బరు లాంటి పరుపుని ముక్కలుగా కోసి వాడారు. అది బాగా పనికొచ్చి, లండన్ తీసుకెళ్ళారు. తర్వాత ఆవిడ తండ్రే వాటిని అమ్మడం మొదలుపెట్టారు. అంటే దీని మూలం పరుపు కాదండీ, జారకుండా ఆపే ముక్క.

కొలతల లెక్క

మామూలు మ్యాట్ పొడవు 68 అంగుళాలు, వెడల్పు 24 అంగుళాలు. అంటే సుమారు 173 సెంటీమీటర్లు, 61 సెంటీమీటర్లు. ఎంత గట్టిగా చుట్టినా ఆ చుట్ట పొడవు 61 సెంటీమీటర్ల కంటే తగ్గదు. చాలా విమాన సంస్థలు క్యాబిన్ బ్యాగు పొడవు 55, 56 సెంటీమీటర్ల దగ్గర ఆపేస్తాయి. కాబట్టి చుట్టే మ్యాట్ ఎంత పల్చనిదైనా క్యాబిన్ బ్యాగులో నిలువునా పట్టదు. బయట కట్టుకుని వెళ్తే, దాన్నో విడి సామానుగా లెక్కేస్తారా లేదా అన్నది ఆ రోజు గేటు దగ్గరున్న వాళ్ళ ఇష్టం.

అందుకే ప్రయాణానికి చుట్టేది వద్దు, మడత పెట్టేది కావాలి. 1.5 మిల్లీమీటర్ల మ్యాట్‌ని వెడల్పులో సగానికీ, పొడవులో ఆరు మడతలుగానూ పెడితే దాదాపు 30 సెంటీమీటర్ల చదరం అవుతుంది. పన్నెండు పొరలు, మధ్యలో గాలితో కలిపి ఓ మూడు సెంటీమీటర్ల ఎత్తు. ల్యాప్‌టాప్ పక్కన దూరిపోతుంది. అదే 6 మిల్లీమీటర్లది మడత పడదు. చుడితే ఆరు లీటర్ల పైన చోటు తింటుంది. పల్చనిది మడిస్తే అందులో సగం కూడా తినదు.

బరువు కూడా చూసుకోవాలి. గల్ఫ్ మీదుగా వెళ్ళే విమానాల్లో చాలావాటిలో ఎకానమీ క్యాబిన్ బ్యాగు 7 కిలోలే. ఖాళీ బ్యాగే రెండు కిలోలుంటే మనకి మిగిలేది అయిదు. అందులో మూడు కిలోల మ్యాట్ ఎవరు పెడతారు చెప్పండి? తిరుగు ప్రయాణంలో చెక్-ఇన్ పెట్టెల్లో ఆవకాయకీ సున్నుండలకీ చోటు సరిపోక మనం పడే పాట్లు వేరే చెప్పాలా!

మార్కెట్లో ఉన్నవాటిలో ఉదాహరణకి మాండూకా ఈకో సూపర్‌లైట్ 1.5 మిల్లీమీటర్లు, సుమారు ఒక కిలో. జేడ్ వాయేజర్ 1.6 మిల్లీమీటర్లు, 700 గ్రాములకి అటూ ఇటూ. రెండూ సహజ రబ్బరువే. ఇవే కొనమని కాదు, ఎంత బరువుంటే ప్రయాణానికి సరిపోతుందో అంచనా కోసం చెప్తున్నా. కిలో దాటితే ఇంకోసారి ఆలోచించండి.

దేనితో చేసింది?

సహజ రబ్బరు: పల్చగా ఉన్నా పట్టు బాగుంటుంది. మొదట్లో వాసన వస్తుంది, కొన్నాళ్ళు నీడలో గాలికి వేస్తే తగ్గుతుంది. బుడగలు ఊదినా, రబ్బరు తొడుగులు వేసుకున్నా దురద పెట్టేవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు. అది లేటెక్స్ ఎలర్జీ కావచ్చు.

పీవీసీ: ఎక్కువ కాలం మన్నుతుంది, చవకలోనూ దొరుకుతుంది. పల్చటి రకాలు కొన్ని కొత్తలో జారతాయి, చెమట పడితే ఇంకానూ.

టీపీఈ: తేలిక. రబ్బరు పడనివాళ్ళకి మంచి దారి. కానీ ఎక్కువగా కాస్త మందంగానే వస్తాయి, తొందరగా నొక్కులు పడతాయి.

పైన మెత్తటి గుడ్డ, కింద రబ్బరు ఉన్నవి: అరచేతులకి బాగా చెమట పట్టేవాళ్ళకి ఇవి నప్పుతాయి, ఎందుకంటే తడిస్తేనే వీటి పట్టు పెరుగుతుంది. పొడి చేతులైతే మొదలుపెట్టే ముందు నాలుగు నీటి చుక్కలు చిలకరించుకోవాలి.

నూలు జంపఖానా: కూర్చుని చేసేవాటికి హాయి. ఒట్టి టైల్స్ మీద నిలబడి చేసే ఆసనాలకి మాత్రం వద్దు. నా అనుభవం చెప్పాగా.

నేలని బట్టి వాడకం

మన ఊళ్ళలో టైల్స్, మార్బుల్, గ్రానైట్ ఎక్కువ. వాటి మీద పల్చటి రబ్బరు మ్యాట్ అతుక్కున్నట్టు ఉంటుంది, కానీ ఒక షరతు. కింద దుమ్ము ఉండకూడదు. కంటికి కనపడని సన్నటి దుమ్మే పట్టుని చంపేస్తుంది. ముందు తడిగుడ్డతో నేల తుడిచి, ఆరాక పరవండి. నేల తడిగా ఉండగా పరిస్తే అదీ ప్రమాదమే.

గట్టి నేల మీద మోకాలు ఆన్చినప్పుడు నొప్పి పుడుతుంది. అప్పుడు మ్యాట్ అంచుని రెండు మూడు మడతలు పెట్టి మోకాలి కింద వేసుకోండి, లేదా తువ్వాలు మడిచి పెట్టండి. తువ్వాలు ఎప్పుడూ మ్యాట్ మీదే ఉండాలి, మ్యాట్ కింద కాదు. కింద పెడితే మళ్ళీ జారుడే.

అమెరికా హోటల్ గదుల్లో తివాచీ మీద కథ వేరు. పల్చటి మ్యాట్ అక్కడ ముడతలు పడుతుంది, కాలు చాచేకొద్దీ మధ్యలో లేస్తుంది. గదిలో గట్టి నేల ఉన్న చోటు దొరికితే అక్కడికి మారండి. లేకపోతే దూకి వేసే భంగిమలు మానేసి, ఒక్కో కాలూ నిదానంగా వేస్తూ చేయండి. డాబా మీద గరుకు గచ్చు పల్చటి రబ్బరుని కోసేస్తుంది. అక్కడ మాత్రం కింద చాప వేసుకోండి. గరుకు నేల మీద చాప అంతగా జారదు. అయినా ముందు చేత్తో గట్టిగా నెట్టి చూసుకోండి.

ఎండలో వెయ్యకండి

ఇది మా అమ్మ నేర్పిన పాఠం. నా మొదటి మడత మ్యాట్ చూసి, "ఏమే, ఈ రబ్బరు గుడ్డకి నలభై అయిదు డాలర్లా?" అని బుగ్గలు నొక్కుకుంది. అయినా కూతురి వస్తువు కదా, రోజూ నేను చేయడం అవ్వగానే సబ్బు నీళ్ళలో జాడించి, డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేసింది. రెండు వారాలకి అది అప్పడంలా బిరుసెక్కి పొట్టు రాలింది. సహజ రబ్బరుకి ఎండ శత్రువు. తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరేస్తే చాలు. వేసవిలో కారు డిక్కీలోనూ వదిలేయకండి. తడిగా ఉండగా మడత పెట్టి పెట్టెలో పడేస్తే బూజు వాసన పట్టుకుంటుంది. ప్రయాణం రోజు పొద్దున చేశాక కనీసం గంటైనా ఆరనివ్వండి. ఇంటికొచ్చాక మడతల్లో ఉంచకుండా వదులుగా చుట్టి పెడితే మడత గీతల దగ్గర చిరగదు.

కొన్నాక, ప్రయాణానికి ముందు

వాపసు ఇచ్చే గడువు అయిపోకముందే ఇంట్లో మూడు పరీక్షలు పెట్టండి. వంటింటి నేల తుడిచి, మ్యాట్ వేసి, మీరు జారతామని భయపడే ఆసనంలో పది శ్వాసలు ఉండండి. తర్వాత అరచేతులు కాస్త తడి చేసుకుని మళ్ళీ చేయండి. చివరికి రాత్రంతా బరువు కింద మడిచి పెట్టి, పొద్దున పరిస్తే అంచులు పైకి లేస్తున్నాయేమో చూడండి. లేచిన అంచు కాలికి తగులుతుంది. మూడింట్లో ఏది తప్పినా తిరిగి ఇచ్చేయండి.

పల్చటి మ్యాట్ అందరికీ కాదని కూడా చెప్పాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, ఎముకలు బలహీనపడ్డవాళ్ళు దీన్ని నమ్ముకుని నేల మీదకి దిగొద్దు. వాళ్ళకి గోడకి ఆనించిన గట్టి కుర్చీయే మంచి మ్యాట్. ఏం చేయొచ్చో డాక్టర్నీ, ఫిజియోథెరపిస్ట్‌నీ అడిగి చేయండి.

పోయిన జనవరిలో మళ్ళీ రాజమండ్రి వెళ్ళా. మడత మ్యాట్ క్యాబిన్ బ్యాగులోనే ఉంది. రోజూ నాన్నగారు లేవకముందే హాలు తుడుచుకుని ఇరవై నిమిషాలు చేసుకున్నా. సాయంత్రాలు ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివరున్న రావిచెట్టు దాకా నడిపించి తీసుకొచ్చా. ఆయన ఆగినప్పుడల్లా బరువంతా నా భుజం మీదే. నడుం ఒక్కరోజు కూడా మాట తప్పలేదు.

మీ ప్రయాణాల్లో మీకు పనికొచ్చినవి, పనికిరానివి ఏమైనా ఉంటే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. ఉంటానండీ.